ఎలుక బోను: ఎన్నిక, వాడుక



ఈ వేళ ఎలుక బోనుల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "బోను గురించి చెప్పేదేముందండీ? ఎర పెట్టడం, ఎలుక పడడం, అంతేగా!" అని మీరు నవ్వవచ్చు. డెల్టా పల్లపు పొలాల్లో వ్యవసాయం చేసే ఒక రైతు సంగతి వినండి. పోయిన సార్వాలో ఆయన పది బోనులు కొన్నారు. ఎర గుచ్చి, తలుపులెత్తి, గట్టు పొడుగునా పెట్టి వచ్చారు. మొదటి రాత్రి ఒక్క ఎలుకా పడలేదు. రెండోనాడు పొద్దెక్కిన తరువాత వెళ్ళి చూస్తే ఒక ఉడుత పడివున్నది. మూడో రాత్రి మాత్రం మూడు ఎలుకలు పడ్డాయి. వాటిని చంపడానికి చేతులు రాక, కాలువ దాటించి అవతలి గట్టున వదిలేశారు. అవతలి గట్టు కిందనే ఆయన బావమరిది నారుమడి వున్నది. వారం తిరిగేసరికి ఆ నారుకు ఎలుక కొరుకుడు పట్టింది. అవే ఎలుకలని ఎవరూ సాక్ష్యం చెప్పలేరు గాని, బావా బావమరుదులకు మాటలు లేకుండా పోయాయి.

ఇందులో బోనుల తప్పేమీ లేదు. ప్రాణంతో పట్టే బోను ప్రాణమున్న ఎలుకనే మన చేతికిస్తుంది. ఆ ఎలుకను ఏం చేయాలో బోను పెట్టకముందే నిశ్చయించుకోవాలి. అంతకంటే ముందు, మనం పట్టదలచినది ఏ ఎలుకో తెలుసుకోవాలి.

ఇంటి దూలాల మీద, అటకల మీద తిరిగే ఎలుక వేరు. పొలం ఎలుక వేరు. ఇంటి ఎలుక తోక దాని ఒంటికంటె పొడుగు. పొలంలో మనకు ముఖ్య శత్రువు మొద్దు ముఖం, పొట్టి తోక గల ఎలుక. చిన్న పందికొక్కు అని కూడా దీన్ని అంటారు. పెరిగినది పావుకిలో దాకా తూగుతుంది. గట్టులో బొరియ తవ్వి, వాకిట మన్ను కుప్ప పోసి, ఆ మన్నుతోనే వాకిలి మూసి లోపల పడుకుంటుంది. వెన్నులు కోసి బొరియలోని అరల్లో దాచుకుంటుంది. ఈదడం కూడా దీనికి బాగా వచ్చు. ఇక గట్లలో వుండే చిట్టెలుక పది గ్రాములకు అటూ ఇటూగా వుంటుంది. పెద్ద పందికొక్కు ముప్పాతిక కిలో దాటడమూ కద్దు. పది గ్రాముల జీవినీ, ముప్పాతిక కిలో జీవినీ ఒకే బోనుతో పట్టాలంటే కుదిరే పని కాదు.

ఇంటి ఎలుకకు జానెడు పొడుగున్న తీగబోను సరిపోతుంది. పొలం ఎలుకకు మూరెడు పొడుగు వుండాలి. ఎత్తూ వెడల్పూ 15 సెంటీమీటర్లకు తక్కువ పనికిరాదు. బోను పొట్టిదైతే ఎలుక పూర్తిగా లోపలికి పోకముందే తలుపు పడి, నడుము మీదనో తోక మీదనో చిక్కుకుంటుంది. ఆ సందులోంచి అది వెనక్కు జారుకుంటుంది. తీగ కన్నులు అరంగుళానికి మించితే చిట్టెలుకలు నిలవవు. కొయ్య పెట్టెలు చవకగా వస్తాయి గాని, పొలం ఎలుక పళ్ళకు అవి ఒక్క రాత్రి పని. ఇనుప తీగ గాని, రేకు గాని తీసుకోండి.

దుకాణంలోనే రెండు పరీక్షలు చేయండి. ఎర కొక్కెం లాగితే తలుపు పడే రకమైతే, చిటికెన వేలితో తాకి చూడండి, తాకగానే పడాలి. పలక తొక్కితే పడే రకమైతే, పిడికెడు వడ్లు మూటగట్టి పలకమీద పెట్టి చూడండి. ఆ బరువుకు పడకపోతే ఆ బోను మీకు వద్దు. రెండోది, తలుపు పడ్డాక బోనును తలకిందులు చేసి ఊపండి. తలుపు తెరుచుకున్నదా, లోపలి ఎలుకా అలాగే తెరుచుకుని పోతుంది. చాలా బోనులు ఈ పరీక్షలోనే పోతాయి. దుకాణదారు విసుక్కున్నా సరే, చేసే కొనండి.

ఒక్క తలుపు బోనులో ఒక ఎలుక పడితే ఆ రాత్రికి దాని పని అయిపోయినట్టే. వండర్ ట్రాపు అనే రకంలో తలుపు మూతపడదు. ఎలుక ఇరుకు దోవన లోపలికి జారుతుంది, మళ్ళీ వెలుపలికి రాలేదు. ఒకటి వెనుక ఒకటిగా అనేకం పడతాయి. ధాన్యపు కొట్టు, కోళ్ళ షెడ్డు, మిల్లు వంటి చోట్ల దీన్ని మించినది లేదు. పిల్లలు, కోళ్ళు, పశువులు తిరిగే చోట మందు పెట్టడానికి జంకుతాం గదా, అక్కడ బోనే దిక్కు. జింకు ఫాస్ఫైడు ఎర తిని చావక బతికిన ఎలుక మళ్ళీ ఆ ఎర ముట్టదు. అటువంటి వాటికి కూడా బోను అక్కరకు వస్తుంది. మన డెల్టాలో వాడే వెదురు ఎలుక బుట్టల సంగతి వేరు. వాటిలో వంచిన బద్ద ఎలుక పీకను బిగించి చంపుతుంది. పైరు నడుమ ఎకరానికి ఇరవై చొప్పున పెట్టడానికి అవి చాలా మంచివి. ప్రాణంతో పట్టే బోనులు అన్ని కొని పెట్టడం మన శక్తికి మించిన పని.

ఇక మన రైతుకు మొదటి రాత్రి ఎలుక ఎందుకు పడలేదు? ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. రోజూ నడిచే దారిలో కొత్తది కనపడితే రెండు మూడు రాత్రులు దూరంగా తిరిగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లాండులో ఆక్సుఫర్డు శాస్త్రజ్ఞులు ఈ స్వభావాన్ని శ్రద్ధగా పరిశీలించారు; ఆ పని 1954లో పుస్తకరూపంలో వచ్చింది. దీనికి మందు తేలిక. మొదటి మూడు రాత్రులు తలుపు పడకుండా తీగతో కట్టివేసి, ఎర మాత్రం పెట్టండి. లోపలా బయటా కొంచెం కొంచెం చల్లండి. ఎలుకలు వచ్చి తిని పోనివ్వండి. "ఎలుకలకు విందు చేయమంటారా?" అని మీ ఇంట్లోవాళ్ళు అడుగుతారు. అవును, మూడు రాత్రులు విందే. నాలుగో రాత్రి కట్టు విప్పి, అన్ని బోనులూ ఒకేసారి బిగించండి. తరువాత మూడు నాలుగు రాత్రులు పట్టుబడి బాగుంటుంది. పడడం తగ్గగానే బోనును చోటు మార్చాలి.

ఎర విషయంలో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. చుట్టూ దొరకని తిండి పెట్టండి. పండిన చేలో వడ్లు ఎర పెడితే ఎలుక ఎందుకు వస్తుంది? అక్కడ ఎండు చేప ముక్క, కాల్చిన కొబ్బరి, వేరుశనగ పనికివస్తాయి. డెల్టా చేలల్లో ఎలుకలు పీతలను కూడా తింటాయి. చితకగొట్టిన పీత మంచి ఎర. ఎండాకాలం నీళ్ళు లేనప్పుడు వంకాయ ముక్కకు కూడా వస్తాయి.

ఇంట్లో ఎలుక గోడవారనే నడుస్తుంది. బోను నోరు ఆ దారికి ఎదురుగా, గోడకు ఆనించి పెట్టాలి; గది నడుమ పెడితే అది అలంకారానికే. పొలంలోనైతే ముందు సాయంత్రం గట్టు మీది బొరియలన్నీ మన్నుతో మూసిరండి. తెల్లవారి ఏవి తెరుచుకున్నాయో వాటిలోనే ఎలుకలున్నాయి. బోను అక్కడ పెట్టాలి. ఈ గుర్తులు చదవడంలో మన యానాది సోదరులకు ఉన్న నేర్పు పుస్తకాలకు లేదు. ఒకపూట వారిని వెంటపెట్టుకుని గట్లు తిరిగితే మీకే తెలుస్తుంది. ఒక్క హెచ్చరిక. వారిలో కొందరు పొలం ఎలుకలను తింటారు. మందు పెట్టిన పొలమైతే ఆ మాట ముందుగా తప్పక చెప్పాలి.

బోను నీళ్ళలో మునగకుండా మట్టి దిమ్మ మీద పెట్టి, మేకుకు కట్టండి, కుక్కలు ఈడ్చుకుపోతాయి. పొద్దు వాలాక బిగించి, పొద్దు పొడవకముందే చూడాలి. పగలు బిగించి వుంచితే ఉడుతలు, ముంగిసలు పడతాయి. ఎండ తగిలితే తీగబోనులో జీవి గంటల్లో చస్తుంది. ముంగిస ఎలుకను తినే జీవి, చట్టం కాపాడే జీవి కూడా. అటువంటివి పడితే తలుపు తెరిచి దూరంగా నిలబడండి, దాని దారిన అది పోతుంది. బోనుకు వున్న గొప్ప సుగుణం ఇదే.

ఎలుకను మాత్రం వదలకూడదు. పొలం ఎలుక చూలు సుమారు మూడు వారాలు; ఈతకు ఆరు, ఎనిమిది, ఒక్కోసారి పదికి పైగా పిల్లలు. చూలు ఎలుకను అవతలి గట్టున వదలడమంటే ఆ గట్టువారికి ఒక కుటుంబాన్ని అప్పగించడమే. బోనుతో సహా నీళ్ళలో ముంచడం మనలో చాలామందికి అలవాటు. అందులో అది చాలాసేపు యాతన పడుతుంది. బోను నోటికి గోనెసంచి తొడిగి, ఎలుకను అందులోకి తోలి, సంచిని మూలకు బిగించి, ఒక్క దెబ్బతో ముగించడం మేలు. చేత్తో మాత్రం తాకవద్దు. ఎలుక మూత్రం ద్వారా లెప్టోస్పిరోసిస్ అనే ఎలుక జ్వరం వస్తుంది. కాళ్ళ పగుళ్ళలోంచి, చేతి గాయాల్లోంచి ఆ సూక్ష్మజీవి లోపలికి పోతుంది. చేతికి తొడుగులు వేసుకోండి, ఎలుకను లోతుగా పాతండి, బోనును ఎండలో బాగా ఆరనివ్వండి. ఎండుదనానికి ఆ జీవి నిలవదు. బోనులు పెట్టిన వారం పదిరోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తే, వైద్యునితో ఎలుకలు పట్టిన సంగతి చెప్పండి.

వ్యవసాయ సహాయకులకు ఒక విషయం విడిగా చెప్పాలి. బోనును చేనుకే కాపలాగా వాడే పద్ధతి ఒకటి వున్నది. 1980వ దశకంలో మలేషియాలో మొదలై, తరువాత ఇండోనేషియా, వియత్నాం వరిచేలల్లో దీన్ని పరీక్షించారు. ఊరి చేలకంటె రెండు మూడు వారాలు ముందుగా ఒక చిన్న మడి నాటుతారు. సుమారు 25 మీటర్ల పొడుగు, 25 మీటర్ల వెడల్పు. దాని చుట్టూ మోకాలు దాటిన ఎత్తున ప్లాస్టిక్ గుడ్డ కట్టి, అడుగు అంచు మట్టిలో కప్పుతారు. ముందుగా ఎదిగిన పైరు వాసనకు చుట్టుపక్కల ఎలుకలు వస్తాయి. గుడ్డ వెంట నడిచి సందు వెదుకుతాయి. గుడ్డకు అక్కడక్కడ కన్నాలు. ప్రతి కన్నానికీ లోపలివైపున, ఎన్ని ఎలుకలైనా పట్టే బోను. ఒక్క మడి చుట్టూ 10 నుంచి 15 హెక్టార్ల వరికి రక్షణ ఇవ్వగలదని అక్కడి అనుభవం.

మనకిది కొత్తగా తోచవచ్చు గాని, ఇందులోని కిటుకు మన రైతులకు తెలిసినదే. కాలువ నీళ్ళు ముందు అందినవారి చేలు ముందు ఎదుగుతాయి, ఎలుకలు ముందు అక్కడికే చేరతాయి. చివరికి కోసే శివారు చేల మీద మిగిలినవన్నీ పడతాయి. ప్లాస్టిక్ ఖర్చు, రోజూ తెల్లవారి బోనులు చూసే శ్రమ ఒక్కరి నెత్తిన పడితే మాత్రం ఈ పద్ధతి నాలుగు రోజుల్లో ఆగిపోతుంది. మడి ఎవరిది, గుడ్డ ఎవరు కొనాలి, ఏ రోజు ఎవరు చూడాలి అన్నవి ముందు కూర్చుని తేల్చుకోవాలి. ఏటా ఎలుక బెడద వున్న ఊళ్ళలోనే మొదలుపెట్టండి. లేనిచోట ఇది దండుగ ఖర్చు.

ఎటు చేసినా వరి చిరుపొట్టకు రాకముందే జరగాలి. పైరు పొట్ట పోసుకునే వేళకే ఎలుకలూ ఈనడం మొదలుపెడతాయి. ఆ తరువాత బోనుల్లో పడేవాటికంటె బొరియల్లో పుట్టేవి ఎక్కువ. వేసవిలో చేలు ఎండి, ఎలుకలన్నీ కాలువగట్లకు, పుంతలకు చేరినప్పుడు ఊరంతా కలిసి పట్టడం అన్నిటికంటె చవక.

మన రైతు ఈ ఏడు ఆరు బోనులు బావమరిది నారుమడి గట్లకు ఇచ్చారట. నాలుగు తన గట్టున పెట్టుకున్నారు. తలుపులు కట్టి మూడు రాత్రులైంది.