మన్యం వ్యాసాన్ని తిరగరాస్తూ

మన్యం తిరుగుబాటు మీద కొన్నేళ్ల క్రితం నేనొక వ్యాసం రాశాను. దాన్ని ఒక సంకలనంలో చేరుస్తామని మిత్రులు అడిగితే అచ్చుతప్పులు దిద్ది ఇచ్చేద్దామనుకున్నాను. తీరా చదివితే దిద్దవలసినవి అచ్చుతప్పులు కావు.

1922 నాటి తిరుగుబాటుకు కల్లు మీద పన్ను ఒక ప్రధాన కారణమని రాశాను. అది 1879 నాటి రంప తిరుగుబాటు కారణం. అప్పటి ఆగ్రహం మన్సబుదారు దోపిడీ మీద, ఆ పన్ను మీద. 1922 నాటికి మన్యంలో రగులుతున్నవి వేరు: 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద పెరిగిన ఆంక్షలు, గూడెంలో తహశీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కూలి సరిగా ఇవ్వకుండా చేయించిన చాకిరి. రెంటినీ రంప పేరుతోనే పిలవడం వల్ల 43 ఏళ్ల దూరం నా కలంలో చెరిగిపోయింది. 1839 నుంచి 1924 దాకా గూడెం, రంప కొండల్లో జరిగిన తిరుగుబాట్లను ఒక వరుసలో పరిశీలిస్తూ డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో ప్రచురించిన వ్యాసం చదివాక గాని ఈ పొరపాటు నాకు తట్టలేదు.

రెండో తప్పు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రూథర్‌ఫర్డ్ ఎదుట సీతారామరాజు అన్నాడంటూ నేను ఉదహరించిన మాటలు 1974 నాటి సినిమావి! కొటేషను గుర్తులు కూడా పెట్టాను. 1924 మే 7న కొయ్యూరు దగ్గర పట్టుబడిన రాజును కాల్చి చంపారు. తప్పించుకోబోతే కాల్చామన్నది ప్రభుత్వ కథనం. ఈ రెండు వాక్యాలను కలిపి ఒకటిగా రాయకూడదు. మొదటిది జరిగిన సంగతి, రెండోది చంపినవాళ్లు చెప్పుకున్న సమర్థన. (పుట్టిన ఏడు 1897 అని కొందరూ 1898 అని కొందరూ రాశారు. రెండూ ఇచ్చి ముందుకు సాగాను.)

ఆ తర్వాత ప్రతి వాక్యం పక్కనా పెన్సిలుతో రాసుకున్నాను: ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ? 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లలో దొరికిన తుపాకులు 26 అని అందరం రాస్తాం. ఆ లెక్క పోయిన తుపాకుల యజమానిది కాబట్టి నమ్మవచ్చు. అదే యజమాని కూలి ఎగ్గొట్టిన సంగతిని అంత శ్రద్ధగా లెక్కకడతాడని నమ్మలేం. ‘ఫితూరీ’ అన్న మాట కూడా ఆ కాగితాల నుంచే నా వాక్యాల్లోకి వచ్చి చేరింది. ఇప్పుడది అధికారుల మాటగా, వాళ్ల నోటనే ఉంది.

గాం మల్లుదొరను ‘అనుచరుడు’ అన్న ఒక్క ముక్కతో వదిలేశాను. ఆయన శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన మనిషి. నాయకుడి మీద నాలుగు పేజీలు ఖర్చుపెట్టిన నేను పోడు కొట్టుకుని బతికినవాళ్లకు ఒక పేరా కూడా ఇవ్వలేదు. ఆ భాగం మొత్తం మళ్లీ రాయాలి. సంకలనం మిత్రులను గడువు పెంచమని అడిగాను.