జీర్ణాశయపు పిలకలు – పెద్దప్రేగు

కడుపులోనికి గొట్టము వేసి చూచిన వైద్యుడు “పాలిప్ ఉన్నది” అన్నంతనే ఇంటిల్లిపాదియు బెంబేలుపడుట మేమెరుగుదుము. పులిపిరివలె లోపలి పొరపై మొలచు నీ కండపిలకలు పెక్కుమందికి నిరపాయములు. ఆమ్లమును తగ్గించు ఒమెప్రజోల్ వంటి మాత్రలను ఏండ్ల తరబడి మ్రింగువారికి ఇవి కలుగుచుండును. అంతమాత్రమున పెద్దప్రేగును శంకింప బనిలేదు.

కాని చిన్న వయసున, అట్టి మాత్రలు వాడనివారికి, పిలకలు గుంపులుగా కన్పట్టినచో సంగతి వేరు. ఏ.పీ.సీ. అను జన్యువు చెడుటవలన వంశానుగతముగా వచ్చు వ్యాధి యొకటి కలదు. ఆ జన్యువును శాస్త్రజ్ఞులు 1991లో కనుగొనిరి. ఈ వ్యాధిలో జీర్ణాశయపు పిలకలు సాధారణముగా హాని చేయవు. పెద్దప్రేగున వందలు, వేలుగా మొలచునవియే ప్రాణాంతకములు. ఉపేక్షించినచో 50 ఏండ్లలోపల రాచపుండు దాదాపు తప్పదు. సకాలమున తెలిసినచో ఆ ప్రేగును తొలగించి కాపాడుదురు.

తల్లిదండ్రులలో ఒకరికీ లోపమున్నచో, కొడుకైనను కూతురైనను, ప్రతి బిడ్డకును సంక్రమించుటకు సగము పాలు అవకాశము గలదు. అట్టి కుటుంబములలో 10, 12 ఏండ్ల ప్రాయమునుండియే ప్రేగును పరీక్షింతురు.

మేనత్త యొకతె “కడుపు జబ్బు”తో చిన్నతనముననే పోయెనని మన యిండ్లలో చెప్పుకొనుటయే గాని, అది ఏ జబ్బని యడుగువారరుదు. వైద్యుడడుగకున్నను ఆ మాట ఆయన చెవిని వేయవలయును.