అడవిలోని ధ్వనులను కొలుచు విధము

అడవిలో చెట్లను లెక్కించుట, జంతువుల జాడలను గుర్తించుట మన గ్రామస్థులకు క్రొత్త కాదు. అచ్చటి ధ్వనులను గూడ కొలువవచ్చునన్నచో పలువురు ఆశ్చర్యపడుదురు. అమెరికా దేశపు జాతీయ ఉద్యానవనముల శాఖ ఈ పనికై 2000 సంవత్సరములో ప్రత్యేక విభాగమును నెలకొల్పినది.

గాలి హోరు సోకకుండ తొడుగు వేసిన మైకును మూడు కాళ్ల స్టాండుపై నిలిపి, రేయింబవళ్లు కొన్ని వారములపాటు ధ్వనిని నమోదు చేయుదురు. దాని తీవ్రతను డెసిబెల్లలో తెలుపుదురు. ఇందొక చిక్కు కలదు. ఇవి తూకపు రాళ్ల వంటివి కావు. 3 డెసిబెల్లు పెరిగినచో ధ్వనిశక్తి రెట్టింపగును; 10 పెరిగినచో పది రెట్లగును. పైగా, మోత యెంతయో మీటరు చెప్పును గాని అది సెలయేటిదో మోటారుదో చెప్పజాలదు. కావున ఒక ఉద్యోగి గడియారముతో అచ్చటనే కూర్చుండి, ఏ ధ్వని యెప్పుడు మొదలై యెప్పుడు ముగిసినదో వ్రాసికొనును.

ఇంత శ్రమ యెందుకని మీరడుగవచ్చును. రైతునకు మిత్రమైన గుడ్లగూబ, చీకటిలో ఎండుటాకుల నడుమ ఎలుక కదలిన సవ్వడిని బట్టి వేటాడును. పరిసరముల మోత 3 డెసిబెల్లు పెరిగినచో దానికి ఆ సవ్వడి వినబడు మేర సగమగును. 10 పెరిగినచో పదవ వంతు మాత్రమే మిగులును. ఒక్క చెట్టైనను కొట్టకుండగనే దాని వేటపట్టు పోయినట్లే గదా! అమెరికా రక్షిత ప్రాంతములలో 63 శాతమునందు మానవుల వలన కలుగు మోత సహజమైన ధ్వనిస్థాయిని రెట్టింపు చేసినదని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

కాలిఫోర్నియాలోని మ్యూర్ వుడ్స్ అను వనమున జరిగిన ప్రయోగము మనకు మిక్కిలి ఉపయుక్తము. మహావృక్షముల తోపొకటి చూడవచ్చు జనుల సందడితో నిండుచుండెను. "ఇది నిశ్శబ్ద ప్రదేశము" అని బోర్డులు నిలిపి, బోర్డులున్న రోజులను లేని రోజులతో పోల్చి చూడగా, మోత సుమారు 3 డెసిబెల్లు తగ్గినది. ఈ ఫలితము 2011లో వెలువడినది. వ్యయము బోర్డుల వరకే!

మన దేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగముగ మైకులు మ్రోగింపరాదు. పండుగలకై సంవత్సరమునకు 15 రోజులకు మించకుండ అర్ధరాత్రి వరకు రాష్ట్ర ప్రభుత్వము సడలింపు ఈయవచ్చును. అభయారణ్యముల అంచున గల గ్రామములలో జాతర నాడు ఈ గడువును మరచుట కద్దు.

అట్టి పంచాయతీల వారు మీటరు కొరకు వేచియుండ నక్కరలేదు. వేకువను ఒక గంటసేపు ఊరి చివర కూర్చుండి, మైకు, లారీ హారను, పంపుసెట్టు, పక్షుల కూత ఎన్ని నిమిషములు వినవచ్చెనో వేర్వేరుగ వ్రాసి, ఆ కాగితమును గ్రామసభ ముందుంచవచ్చును.