అచ్చులో నిలిచే నలుపు

మందమర్రి వాసులకు నలుపును గూర్చి పరులు చెప్పవలసిన పనిలేదు. బొగ్గుపెళ్లను చేతిలోనికి తీసుకొని చూచినచో ఒక చార అద్దమువలె మెరయును. దాని ప్రక్కచార మసకగా ఉండును. షిఫ్టు దిగి వచ్చిన కార్మికుని చెక్కిలిపై అంటిన పొడి వేరొక నలుపు. టోపీ అంచు క్రింద కన్నులపై పడిన నీడ మరియొకటి. ఇన్ని నలుపులను మానవనేత్రము సులభముగా వేరుపరచుకొనును. అచ్చుయంత్రము అంతటి నేర్పు గలది కాదు.

పాఠశాల వార్షికసంచికకై ఒక బాలుడు గనిద్వారమువద్ద తన తండ్రి ఛాయాచిత్రమును ఫోనుతో తీసినాడనుకొందము. గని లోపల తీయుటకు వీలులేదు. మీథేన్ వాయువు భయముచేత సాధారణ విద్యుత్పరికరములను భూగర్భములోనికి అనుమతింపరు. తెరపై ఆ ముఖములోని ప్రతి ముడుతయు స్పష్టముగా ఉన్నది. సంచిక చేతికి వచ్చునప్పటికి టోపీ, కన్నులు, చెక్కిలి కలిసి ఒకే మరకయైనవి. తన తండ్రిని తానే పోల్చుకొనలేని ఆ బాలుని నిరాశ చిన్నది కాదు. ముద్రాపకుని నిందించుటకు ముందు, చిత్రము ముద్రణాలయమునకు ఏ రూపమున చేరినదో విచారించుట న్యాయము.

తెర స్వయముగా వెలుగును విరజిమ్మును. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతుల కలయికచే అది వర్ణములను చూపును. కాగితమునకు సొంత వెలుగు లేదు. తనపై పడిన కాంతినే తిప్పి పంపును. అచ్చులో సయాన్, మజెంటా, పసుపు, నలుపు అను నాలుగు సిరాలే ఆధారము. కనుక తెరపై మిరుమిట్లు గొలుపు నీలములు, నారింజలు కాగితముపై కొంత చప్పబడుట సహజము. ఫోను తెర కాంతిని పూర్తిగా పెంచి చిత్రమును సరిదిద్దువాడు ఈ భేదమును మరచుచున్నాడు. తెరకాంతిని గదిలోని తెల్లకాగితమునకు ఇంచుమించు సమానముగా తగ్గించి చూచినచో అచ్చులో ఏమి కనిపించునో కొంత అంచనా దొరకును.

నలుపు విషయము మరింత సున్నితమైనది. ముద్రిత చిత్రమంతయు సన్నని చుక్కల సమూహము. వార్తాపత్రికల కాగితము సిరాను పీల్చుకొనుటచే ప్రతి చుక్కయు వ్యాపించును. సగము నిండవలసిన ప్రదేశము దాదాపు ముప్పావువంతు నిండినట్లు కనిపించును. అందుచేత నీడలను, మధ్యఛాయలను ముందుగానే కొంత తేల్చవలెను. నాలుగు సిరాలను ఒకేచోట నిండుగా వేసినచో మొత్తము 400 శాతమగును. అట్టి కాగితము సుమారు 240 శాతమునకు మించి భరింపజాలదు. నునుపైన ఆర్టు పేపరు ఇంతకంటె ఎక్కువ భరించును. కనుక ఏ కాగితముపై అచ్చు వేయుదురో ముందుగా అడిగి, ముద్రణాలయమువారు వాడు వర్ణప్రొఫైలును తెలిసికొనుట అవసరము. ఆ వివరము తెలియకయే చిత్రమును నాలుగు సిరాల పద్ధతిలోనికి మార్చి పంపుటకంటె, మూలరూపమును దాని ప్రొఫైలుతో సహా పంపుటయే క్షేమము.

ఇక స్పష్టత. మంచి కాగితముపై అచ్చుకు అంగుళమునకు 300 పిక్సెళ్లు ఉండుట వాడుక. ఆరంగుళముల వెడల్పు గల చిత్రమునకు 1800 పిక్సెళ్లు కావలెను. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రము కుదించుకొనిపోవును; అందులో పోయిన వివరమును ఏ యుక్తియు తిరిగి తేజాలదు. దానినే డాక్యుమెంటు రూపమున పంపినచో మూలము చెడదు.

అంచులకు పదును పెట్టుట అన్నిటికంటె చివరిపని. అచ్చు పరిమాణము నిర్ణయమైన పిమ్మటనే చేయవలెను. ఇందుకు వాడు ‘అన్‌షార్ప్ మాస్క్’ కంప్యూటరు కంటె ముందే చీకటిగదిలో పుట్టినది. నెగటివునకు మసకగా తీసిన పలుచని పాజిటివు నకలును జోడించి, అంచులను స్ఫుటపరచెడివారు. మసకయే పదునునకు సాధనమగుట వింతయైనను సత్యము. మితిమీరినచో టోపీ చుట్టును తెల్లని గీత ఏర్పడి, ముఖము కత్తిరించి అతికించినట్లుండును.

కరీంనగర్ ప్రాంతపు కోరుట్లలో జన్మించి, 2011లో దివంగతుడైన బండి రాజన్‌బాబు నలుపు తెలుపు ఛాయాచిత్రములకు ప్రసిద్ధుడు. వర్ణములు లేకున్నను వెలుగునీడల తారతమ్యమే మనిషిని నిలబెట్టగలదనుటకు అట్టి చిత్రములు సాక్ష్యము. వర్ణచిత్రమునకును ఈ ధర్మమే ఆధారము.

సంచిక మొత్తము అచ్చువేయుటకు ముందు అదే కాగితముపై ఒక్క పుట నమూనాగా తీయించి, పగటివెలుగులో పరిశీలించుట ఉపాధ్యాయులు విద్యార్థులకు నేర్పదగిన పాఠము. కల్యాణి ఖని, కాసిపేట వంటి పేర్లు నేడు ఆ ప్రాంతమున ఇంటింటి మాటలు. కాని ఏ గనియు శాశ్వతము కాదు. బొగ్గు తరిగిననాడు మూతపడక తప్పదు. అందు శ్రమించిన వాని ముఖమును మనుమలకు చూపవలసినది ఆ అచ్చుపుటయే. టోపీనీడలో అతని కన్నులు కనబడుచున్నవా అని నమూనాపుటను చూచి, కనబడనిచో మరల సరిదిద్దించుట అతనికి మనము చెల్లింపదగిన కనీస గౌరవము.