మోకాళ్ల పర్వతం ముందు... మీ మోకాళ్లు సిద్ధమేనా?

కాలినడకన తిరుమల కొండ ఎక్కేవారిని ఎక్కువగా బాధపెట్టేవి రెండే. ఒకటి మోకాళ్ల నొప్పి, రెండోది పిక్కలు, పాదాలు పట్టేయడం. ముందునుంచే కొంచెం జాగ్రత్త పడితే రెండింటినీ చాలావరకు తప్పించుకోవచ్చు.

పిల్లాడికి ఉద్యోగం వస్తే నడిచి కొండకు వస్తామని మొక్కుకున్నారు. ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల అలిపిరి నుంచి బయల్దేరదామని ఇంట్లో అందరూ అనుకున్నారు. అమ్మ మాత్రం మోకాలు తడుముకుంటూ కూర్చుంది. ‘బస్సులో వెళ్దామా అమ్మా’ అంటే ‘మొక్కింది నేను, నేనే ఎక్కకపోతే ఎలా?’ అంటుంది. మీ ఇంట్లోనూ ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినిపించే ఉంటుంది.

అలిపిరి మార్గంలో 3,550 మెట్లు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు మార్గంలో 2,388. అపార్ట్‌మెంట్‌లో ఒక అంతస్తుకు 20 మెట్లు అనుకుంటే అలిపిరి దారి దాదాపు 175 అంతస్తుల మేడ ఎక్కడంతో సమానం. రోజూ లిఫ్టులో పైకి వెళ్లే కాళ్లను ఒక్కసారిగా అన్ని అంతస్తులు ఎక్కమంటే మొరాయించవా మరి!

అలాగని కొండ ఎక్కితే మోకాళ్లు అరిగిపోతాయన్న భయం అక్కర్లేదు. క్రమం తప్పని నడక, వ్యాయామం అరిగిన మోకాలికి కూడా మేలే చేస్తాయి. చిక్కల్లా సిద్ధం కాని కాళ్లతో, హడావిడిగా ఎక్కడం వల్ల, దర్శనమయ్యాక మళ్లీ నడిచే దిగడం వల్ల వస్తుంది.

దిగడమే అసలు పరీక్ష

చదునైన నేల మీద నడిచేటప్పుడు మోకాలి కీలు మీద పడే భారం మన బరువుకు సుమారు రెండున్నర రెట్లు. మెట్లు ఎక్కేటప్పుడు అది మూడు రెట్లు దాటుతుంది. దిగేటప్పుడు మూడున్నర రెట్ల దాకా పోతుంది. అంటే 70 కిలోల మనిషి మెట్టు దిగిన ప్రతిసారీ ఒక్కో మోకాలు దాదాపు 240 కిలోల భారం మోస్తుందన్నమాట.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి మధ్యలో ఆగుతాం. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, కాబట్టి ఆగం. కానీ శరీరం జారిపోకుండా తొడ ముందు కండరం ప్రతి మెట్టుకూ సాగుతూనే బిగబట్టి పట్టుకోవాలి. కాసేపటికి అది అలసిపోతుంది. కాళ్లు వణుకుతాయి. కండరం మోయాల్సిన బరువు కీలు మీద, మోకాలి చిప్ప కింద పడుతుంది. మరుసటి రోజు మంచం దిగడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చేది అందుకే.

కాబట్టి మోకాలి నొప్పి ఉన్నవారికి మొదటి సలహా: నడిచి ఎక్కండి, బస్సులో దిగండి. దిగక తప్పదనుకుంటే పక్కన ఉన్న కమ్మీ పట్టుకుని, మోకాలు కొద్దిగా వంచి, నెమ్మదిగా దిగండి. ఒక కాలే నొప్పిగా ఉంటే ఒక చిన్న సూత్రం గుర్తుంచుకోండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

ఏ దారి మేలు?

‘శ్రీవారి మెట్టు దగ్గర దారి కదా’ అని చాలామంది అటు వెళతారు. దూరం తక్కువే, రెండు కిలోమీటర్ల పైచిలుకు. కానీ మెట్లు వెంటవెంటనే ఉంటాయి. మోకాలికి విరామం దొరకదు. అలిపిరి దారి పొడవు ఎక్కువ. మొదట గాలిగోపురం దాకా గట్టి ఎక్కుడు ఉంటుంది. సగానికి పైగా మెట్లు అక్కడికే అయిపోతాయి. ఆ తర్వాత జింకల పార్కు మీదుగా చాలా దూరం దాదాపు చదునుగా సాగుతుంది. చివర్లో మళ్లీ నిటారుగా వచ్చేదే మోకాళ్ల పర్వతం. ఈ కొండ సాక్షాత్తూ ఆదిశేషుడేనని భావించి రామానుజులు పాదం మోపకుండా మోకాళ్లపై ఎక్కారని భక్తుల నమ్మకం. మూడు నాలుగు గంటల నడక తర్వాత అలసిన కాళ్లతో ఎక్కాల్సిన చోటు ఇది. చాలామందికి పిక్కలు పట్టేసేదీ ఇక్కడే. అందుకే గాలిగోపురం దగ్గరే బలమంతా ఖర్చు చేసేయకండి.

గుండె దమ్ము బాగుండి, సమయం తక్కువగా ఉన్నవారికి శ్రీవారి మెట్టు సరే. మోకాళ్లు అంతంతమాత్రంగా ఉన్నవారికి, తీరిగ్గా ఎక్కగలిగితే, అలిపిరే నయం.

ఆరు వారాల ముందు నుంచే...

మొక్కు తీర్చుకునే తేదీ అనుకోగానే కేలెండర్‌లో ఆరు వారాలు వెనక్కి లెక్కపెట్టండి.

మొదటి రెండు వారాలు: వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున చదును నేల మీద చురుగ్గా నడవండి. దీంతోపాటు ఇంట్లో రెండు వ్యాయామాలు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి నెమ్మదిగా లేచి, అంతే నెమ్మదిగా కూర్చోండి. ఇలా 10 సార్లు, రెండు విడతలు. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలిని నిటారుగా అడుగు ఎత్తు లేపి ఐదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి 10 సార్లు. మోకాలిని కాపాడే తొడ కండరం వీటితో గట్టిపడుతుంది.

మూడు, నాలుగు వారాలు: మెట్లు మొదలుపెట్టండి. రోజుకు 100తో మొదలుపెట్టి 200 దాకా పెంచండి. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మడమలు నెమ్మదిగా దించడం 15 సార్లు చేయండి. పిక్కలు పట్టేయకుండా ఉండాలంటే ఇది ముఖ్యం. నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్లతో దాన్ని దగ్గరకు లాక్కోండి. పాదంలోని చిన్న కండరాలకు ఇదే కసరత్తు.

ఐదు, ఆరు వారాలు: వారానికి రెండు మూడు రోజులు ఒకేసారి 300 నుంచి 500 మెట్లు ఎక్కండి. దగ్గరలో ఉంటే ఒక ఆదివారం శ్రీకాళహస్తిలోని కన్నప్ప కొండ లాంటి చిన్న కొండ ఎక్కి చూడండి. ఆ మర్నాడు మోకాలు వాచకపోతే మీరు దారిలో ఉన్నట్టే. ప్రయాణానికి ముందు రెండు రోజులు మాత్రం కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి.

బరువు ఎక్కువ ఉన్నవారు ఈ లోపు రెండు కిలోలు తగ్గినా లాభమే. శరీరం ఒక కిలో తగ్గితే మోకాలి మీద అడుగు అడుగుకూ సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

చెప్పుల్లేని పాదాలు

చాలామంది చెప్పులు లేకుండానే కొండ ఎక్కుతారు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకునే పాదాలకు రాతి మెట్లు కొత్త. అరికాలి కండరాలు పట్టేయడానికి, మడమ నొప్పికి ఇదో కారణం. నెల ముందు నుంచి ఇంట్లో, మిద్దె మీద రోజూ కాసేపు వట్టి కాళ్లతో నడుస్తూ సమయం పెంచుకుంటూ పోండి. ఎండ ముదరక ముందే, తెల్లవారుజామున బయల్దేరితే రాయి చల్లగా ఉంటుంది, చెమట కూడా తక్కువ.

షుగర్ ఉన్నవారికి మాత్రం ఇది వర్తించదు. పాదాల్లో తిమ్మిరి, మంట, స్పర్శ తెలియకపోవడం ఉంటే వట్టి కాళ్లతో కొండ ఎక్కకండి. బొబ్బ వచ్చినా, రాయి గుచ్చుకున్నా తెలియదు. ఆ చిన్న పుండే తర్వాత కాలి మీదకు తెస్తుంది. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవారు గ్లూకోజ్ పొడి దగ్గర ఉంచుకోవాలి. నడక వల్ల షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

పసుపు కుంకుమతో మెట్ల పూజ చేసే ఆడవాళ్లు మెట్టు మెట్టుకూ నడుము వంచుతారు. మోకాళ్లకు, నడుముకు అది రెట్టింపు పని. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుంటే పూజా పూర్తవుతుంది, నడుమూ నిలబడుతుంది.

పట్టేసింది నరం కాదు, కండరం

‘నరం పట్టేసింది’ అంటాం కానీ నిజానికి బిగుసుకుపోయేది కండరం. అలవాటు లేని పనితో అలసిపోయిన కండరం తనంతట తాను వదులు కాలేకపోతుంది. చెమటతో నీరు, ఉప్పు పోవడం దానికి తోడవుతుంది. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవారిలో ఈ ఇబ్బంది ఎక్కువ. అలాంటివారు ముందే డాక్టరుతో మాట్లాడండి. మాత్రలు మీ అంతట మీరు మానేయకండి.

పిక్క పట్టేస్తే అక్కడే పక్కకు కూర్చుని కాలు చాపండి. కాలివేళ్లను మెల్లగా మీ వైపు లాగి అర నిమిషం పట్టుకోండి. అరికాలు పట్టేస్తే బొటనవేలిని పైకి వంచి, అరికాలిని బొటనవేలితో రుద్దండి. తొడ వెనక పట్టేస్తే కాలు చాపి ముందుకు వంగండి. గట్టిగా గుంజడం, కొట్టడం వద్దు. వదిలాక రెండు నిమిషాలు నెమ్మదిగా నడిచి, ఆ తర్వాతే మెట్లు ఎక్కండి.

దాహం వేసినప్పుడల్లా కొద్దికొద్దిగా తాగండి. ఒకేసారి లీటరు మంచినీళ్లు తాగేయకండి. మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ గానీ, ప్యాకెట్ మీద రాసినట్టు కలిపిన ఓఆర్‌ఎస్ గానీ మంచిది. గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు ఎంత తాగాలో, ఉప్పు ఎంతో డాక్టరును అడగాలి. అరటిపండు బలమిస్తుంది గానీ, తినగానే పట్టేసిన పిక్క వదులుతుందనుకోకండి. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు. బయల్దేరే ముందు రెండు ఇడ్లీలో, గ్లాసు రాగి జావో చాలు.

ఎక్కుతూ మాట్లాడగలిగితే ఆ వేగం మీకు సరిపోయినట్టు. మాట తెగిపోతుంటే తగ్గించండి. 100 మెట్లకు ఒకసారి నిమిషం నిలబడండి. బరువైన సంచులు మోయకుండా కింద టీటీడీ లగేజీ కౌంటర్‌లో ఇచ్చేయండి. పైన తీసుకోవచ్చు. నొప్పి రాకుండా ముందే మాత్ర వేసుకుని ఎక్కడం మాత్రం మంచిది కాదు. ఆగమని మోకాలు చెప్పే మాట వినిపించకుండా పోతుంది. పైగా చెమటతో నీరు తగ్గిన శరీరంలో కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి.

పైకి చేరాక కథ అయిపోలేదు. క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కింద కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోతాయి. బాసింపట్టు వేయకుండా కాళ్లు చాపి, మడమల్ని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉండండి. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి. రాత్రి పడుకునే ముందు పిక్కల్ని సాగదీస్తే నిద్రలో పట్టేయడం తగ్గుతుంది. మోకాలు వాస్తే గుడ్డలో చుట్టిన ఐసును 15 నిమిషాలు పెట్టి, కాలు కొంచెం ఎత్తు మీద ఉంచండి.

ఇలా ఉంటే ఆగిపోండి

• ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమటలు, కళ్లు తిరగడం. ఒక్క మెట్టు కూడా ఎక్కకండి. వెంటనే సాయం పిలవండి.
• మోకాలు లాక్ అయిపోవడం, బరువు మోపలేకపోవడం, అప్పటికప్పుడు వాపు.
• తర్వాతి రోజుల్లో ఒక్క పిక్కే వాచి, ఎర్రబడి నొప్పి పెట్టడం. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.
• విపరీతమైన ఒళ్లు నొప్పులతో పాటు మూత్రం టీ డికాషన్ రంగులో రావడం. కండరాలు దెబ్బతిన్నాయనడానికి గుర్తు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అమ్మ ఎక్కొచ్చా?

60 ఏళ్లు దాటినవారు, దీర్ఘకాలంగా షుగర్, అధిక బీపీ, ఆస్తమా, మూర్ఛ, కీళ్ల జబ్బులు ఉన్నవారు నడిచి రావడం మంచిది కాదని టీటీడీ కూడా సూచిస్తోంది. అలాంటివారు డాక్టరు సరేనంటేనే నడవాలి. మోకాలు ఇప్పటికే వాచి ఉన్నా, రాత్రిళ్లు నిద్రలేపేంత నొప్పి ఉన్నా, ఈ మధ్యే ఆపరేషన్ అయినా ఈసారికి నడక వద్దు.

డాక్టరు సరేనంటే, అమ్మతో పాటు మీరూ ఆరు వారాలు నడవండి. కొండ ఎక్కే రోజు ఆమె వేగమే అందరి వేగం కావాలి. గాలిగోపురం దగ్గర కూర్చోబెట్టి అడగండి. పదిలో మూడుకు మించని నొప్పి, కూర్చోగానే తగ్గేదైతే ముందుకు సాగొచ్చు. అంతకు మించితే అక్కడే ఆపండి. వైద్య సాయం అక్కడ దొరుకుతుంది.

ఒకవేళ డాక్టరు వద్దంటే? 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా కొండకు కాలిబాటే దిక్కు. ఆ రోజుల్లో కూడా నడవలేనివారు డోలీలో వెళ్లారు. వారి దర్శనం దర్శనం కాకుండా పోలేదు. ఇప్పుడు ఆ డోలీ స్థానంలో బస్సు ఉంది, అంతే. అమ్మ తరఫున మీరు మెట్లెక్కండి. ఆమెను బస్సులో పంపండి. పైన కలుసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని క్యూలోకి నడవండి. ఆ నాలుగడుగులూ ఆమె తన కాళ్ల మీద, నొప్పి లేకుండా వేయాలి కదా!