పొట్టి గొట్టము – తగిన తూటా

ఆత్మరక్షణకై దాల్చెడి పొట్టి రివాల్వరునకు ఏ తూటా తగును? మిక్కిలి బలమైనదే మేలని తోచుట సహజము. బడిలో చదివెడి భౌతికశాస్త్రము వేరు సమాధానము చెప్పును.

మందు మండగా పుట్టిన వాయువు గొట్టము కొసవరకే గుండును బలముగా నెట్టును. గొట్టము పొట్టిదైనచో గుండు వేగము తగ్గును. మొనలో గుంటగల గుండు తాకినచోట పువ్వువలె విచ్చుకొనుటకు కొంత వేగము కావలెను. అది చాలనిచో విచ్చుకొనక దూసికొనిపోయి వెనుకనున్న నిరపరాధిని గాయపరచవచ్చును. మందు హెచ్చించినచో తుపాకి వెనుకకు తన్నుట హెచ్చి, గురి చెదరును.

మరి మిక్కిలి ముందుగా ఆగినను ముప్పే. 1986లో అమెరికాలోని మయామీ కడ జరిగిన కాల్పులలో ఒక గుండు దుండగుని గుండె చేరకమునుపే ఆగిపోయినది. ఆ పోరులో ఇద్దరు ఎఫ్.బి.ఐ. అధికారులు మరణించిరి. పిమ్మట ఆ సంస్థ జెలటిన్ దిమ్మెలపై పరీక్షలు జరిపి, గుండు 12 అంగుళములకు తగ్గక, 18 అంగుళములకు మించక చొచ్చుకొనవలెనని నిర్ణయించినది. న్యూయార్క్ పోలీసుల పొట్టి రివాల్వర్లకై తక్కువ వేగమునకే విచ్చుకొనెడి గుండ్లు తయారైనవి.

పెట్టెపై అచ్చువేసిన వేగము తరచుగా పొడుగు గొట్టముతో కొలిచినది. కావున తన గొట్టమునుండి వెడలిన గుండు ఎచ్చట ఆగునో ఎరిగి ఎన్నుకొనుటయే వివేకము. ఆ గుండు ఆగుచోటుకు బాధ్యుడు కాల్చినవాడే.