ఆయాసమునకు అసలు పేరు

మన యిండ్లలో ఎవరికైనను వ్యాధి వచ్చినప్పుడు దానికి మందు దొరకుట ఆలస్యము కావచ్చును గాని, పేరు దొరకుట యెన్నడును ఆలస్యము కాదు. పొరుగింటి పిన్నిగారు చూచి యొక పేరు పెట్టుదురు. చుట్టపుచూపుగా వచ్చిన మేనమామగారు మరియొక పేరు పెట్టుదురు. మందుల దుకాణములోని కుఱ్ఱవాడు ఆ పేరునకు తగిన మాత్రలు పొట్లము కట్టి యిచ్చును. దగ్గును ఆయాసమును కలిసి వచ్చినచో ఇక ఆలోచనయే అక్కరలేదు. దాని పేరు ఉబ్బసము. ఈ పేరు ఒకసారి పడినదా, ఆ మనిషిని జీవితాంతము విడువదు. మా యింట ఇద్దరికి ఈ పేరు పడెను. ఇద్దరి విషయమునను అది తప్పే అయ్యెను. సోదరీమణులకు ఉపయోగపడునేమో యని ఆ సంగతి వ్రాయుచున్నాను.

మాది గోదావరి జిల్లాలలో నొక పల్లె. మా అత్తగారు పదునేడవ యేట కాపురమునకు వచ్చినది మొదలు నలువది యేండ్లు కట్టెల పొయ్యి ముందే గడిపినారు. సరుగుడు కట్టెలు, కొబ్బరి మట్టలు, పిడకలు, ఏది దొరకిన నది. వానకాలములో తడిసిన మట్టలు రాజుకొనక వంటయిల్లంతయు పొగ క్రమ్మినప్పుడు ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొనుచు ఊదుగొట్టముతో ఊదుచు కూర్చుండుట నేను కోడలినై వచ్చిన క్రొత్తలో దినదినమును చూచినదే. గ్యాసు పొయ్యి మా యింటికి వచ్చునప్పటికే ఆమెకు ఏబది దాటినది, దగ్గును ప్రారంభమైనది. మొదట చలికాలములో నొక నెల, తరువాత రెండు మూడు నెలలు, చివరకు ఏడాది పొడుగునను. రెండు బిందెల నీళ్లు ఒక్క విడత మోసిన మనిషి వీధి యరుగు ఎక్కుటకు నడుమ ఆగవలసి వచ్చెను.

ఊరిలో వైద్యము చేయు నాయన ఉబ్బసమని చెప్పి చిన్న తెల్లని మాత్రలు ఇచ్చెను. వానిని మ్రింగిన రెండు దినములకే ప్రాణము లేచివచ్చినట్లుండెడిది. మానినచో మరల మొదలు. ఇట్లు నాలుగేండ్లు గడచినవి. మొగము గుండ్రముగా నిండెను. "ఒళ్లు చేశావమ్మా, మందు బాగా పట్టింది" అని చూచినవారందరు సంతోషించిరి. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో పంచెడు చేపమందును కూడ రెండు పర్యాయములు మ్రింగి వచ్చిరి. అంత పెద్ద బారులో నిలిచినవారిలో ఎవరిది ఉబ్బసమో, ఎవరిది గుండెజబ్బో విడదీసి చూచుట సాధ్యమా? ఆ తరువాత చక్కెరవ్యాధి బయటపడెను. ఒకనాడు బియ్యపు డబ్బా జరుపబోగా నడుములో కలుక్కుమనెను; వెన్నుపూస యొకటి నలిగినదని తేలెను. ఆ తెల్లని మాత్రలు స్టీరాయిడ్లు. ఆపదలో అయిదారు దినములు వాడినచో ప్రాణదాతలే. ఏండ్ల తరబడి వాడినచో ఎముకలను గుల్ల చేయును, చక్కెరను పెంచును. అయితే చాలకాలముగా మ్రింగుచున్నవారు ఈ మాట చదివి ఒక్కసారిగా మానరాదు, అదియును ప్రమాదమే. వైద్యుని పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించుకొనవలెను.

ఇది యిట్లుండగా మా మరిదికి దగ్గు ఆరంభమయ్యెను. వాని కప్పుడు 28 ఏండ్లు. పగలంతయు బాగుగానే యుండును. తెల్లవారుజామున రెండు మూడు గంటలకు దగ్గు తెర తెరగా వచ్చి, రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యెడివి. "తల్లి ఉబ్బసం కొడుకును పట్టింది" అని ఊరు తీర్మానించెను. బరువు తగ్గెను, సాయంకాలము నులివెచ్చని జ్వరము. పట్టణములో నొక వైద్యుడు ఎక్స్-రే తీయించగా ఊపిరితిత్తులనిండ ఆవగింజలు చల్లినట్లు సన్నని మచ్చలు కనబడెను. ఆయన కఫమును పరీక్షింపకయే క్షయ యని తలచి మందులు వ్రాసెను. ఈ వార్త మా కంటె ముందుగా కాబోయే వియ్యపురాలి చెవిని బడెను. నిశ్చయమైన సంబంధము వెనుకకు పోయెను. ఆ పిల్లను తప్పు పట్టను. తల్లిదండ్రుల భయమును తప్పు పట్టను. ఒక గాజుపలక మీద కఫమును పూసి చూచి యున్నచో ఆ పెండ్లి నిలిచెడిదేమో యని మాత్రము ఇప్పటికిని అనుకొనుచుందును.

రెండు నెలలు క్షయ మందులు మ్రింగినను దగ్గు ఇసుమంతయు తగ్గలేదు. అప్పుడు మేము వేరొక వృద్ధ వైద్యుని చూచితిమి. ఆయన మొదట కఫమును సీబీనాట్ పరీక్షకు పంపిరి. ఈ పరీక్ష ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా చేయుదురు. క్షయక్రిమి ఉన్నదో లేదో రెండు గంటలలో తెలియును. మావానికి లేదు. తరువాత ఆయన రక్తములోని తెల్లకణములను జాతులవారీగా విడదీసి లెక్కింపుమని వ్రాసిరి. ఇయోసినోఫిల్ అను జాతి కణములు ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘనపు మిల్లీమీటరునకు 500 మించవు. మావానికి 5,800 ఉండెను. ఆయన కాగితము క్రింద పెట్టి, "మీ ఊళ్లో బోదకాలు ఉన్నవాళ్లున్నారా, అమ్మా?" అని నన్నడిగిరి. లేకేమి? మా వీధిలోనే ముగ్గురు.

బోదకాలు కలిగించు ఫైలేరియా క్రిములు దోమకాటు వలన మన శరీరములో ప్రవేశించును. అందరికిని కాలు వాయదు. కొందరి శరీరము ఆ క్రిమి పిల్లలపై మితిమీరిన కోపము వహించి, వానిని ఊపిరితిత్తులలో పట్టి నలిపివేయుచు, ఆ పోరాటములో తన ఊపిరితిత్తులనే గాయపరచుకొనును. రాత్రి దగ్గు, పిల్లికూతలు, ఎక్స్-రేలో చుక్కలు, రక్తములో 3,000 మించిన ఇయోసినోఫిల్ కణములు దీని గుర్తులు. స్త్రీలలో కంటె పురుషులలో ఎక్కువ. డీఈసీ అను చవుక మందు మూడు వారములు వాడవలెను. మావాడు వారము తిరుగకముందే రాత్రి నిద్రపోయెను. వైద్యుడు క్షయ మందులను ఆపించెను. ఇంకను ఉబ్బసమనియో క్షయ యనియో కాలము గడపి యుండినచో ఊపిరితిత్తులు గట్టిపడి మరల బాగుపడకుండ పోయెడివని ఆయన చెప్పిరి.

ఈ వ్యాధి చరిత్రలో మన తెలుగుదేశమునకు పాలు కలదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో క్షయరోగుల కొఱకు వెలసిన ఆసుపత్రికి, ఎక్స్-రేలో మచ్చలున్నందున క్షయ యని పంపబడిన వారిలో కొందరికి ఎంత వెదకినను క్షయక్రిమి దొరకకుండుటయు, రక్తములో ఇయోసినోఫిల్ కణములు విపరీతముగా నుండుటయు అక్కడి వైద్యులైన ఫ్రిమోట్-మోల్లర్, బార్టన్ గారలు గమనించి, క్షయను పోలిన క్షయ కాని వ్యాధిగా 1940లో ప్రకటించిరి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దానికి ఉష్ణదేశపు ఇయోసినోఫీలియా యను పేరు పెట్టెను. దానికి ఫైలేరియా క్రిమియే కారణమని రుజువగుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. ఇంత కాలము గడచిన తరువాతను అదే పొరపాటు మా యింట జరిగెను!

మరిదికి నయమైన పిమ్మట అత్తగారిని కూడ ఆ వైద్యుని యొద్దకే తీసికొనిపోతిమి. ఆమెకును అదే వ్యాధి, అదే మందు అని మేమనుకొంటిమి. చూడుడు, పేర్లు పెట్టు జబ్బు మమ్మును కూడ ఎంతగా పట్టుకొన్నదో! ఆయన నవ్వి, "ముందు ఊదించి చూద్దాం" అనిరి.

ఈ ఊదు పరీక్షకు స్పైరోమెట్రీ యని పేరు. 1846లో లండనులో హచిన్‌సన్ అను వైద్యుడు తాను చేసిన యంత్రములో రెండువేల మందికి పైగా ఊదించి, మనిషి ఊపిరిని కొలువవచ్చునని చూపెను. ఎంత ఊదగలరన్నది మాత్రమే కాక మొదటి సెకనులో ఎంత ఊదగలరన్నది ముఖ్యమని 1947లో ఫ్రాన్సు దేశపు టిఫ్నో గారు కనిపెట్టిరి. ముక్కు మూసి, గుండెలనిండ గాలి పీల్చి, గొట్టములోనికి ఒక్క ఉదుటున, ఆరు సెకనులకు తక్కువ గాకుండ, ఇంక లేదనువరకు ఊదవలెను. నొప్పి లేదు, సూది లేదు. అచటి యువకుడు ఊదుట యెట్లో చూపబోగా మా అత్తగారు, "నలభై యేళ్లు గొట్టం ఊదినదాన్ని, నాకు ఊదడం నేర్పుతావా, నాయనా?" అనిరి. గది గదియంతయు నవ్వెను. ఆమె ఊదిరి. మొత్తము గాలి 1.9 లీటర్లు, మొదటి సెకనులో వచ్చినది 0.9 మాత్రమే. నూటికి 47 పాళ్లు. 70కి తగ్గినచో నాళములు ఇరుకైనవని అర్థము. పిమ్మట నాళములను విప్పు మందు పీల్పించి పావుగంట ఆగి మరల ఊదించిరి. ఉబ్బసమైనచో తరచు ఈ రెండవ ఊదులో గాలి బాగుగా పెరుగును; నూటికి 12 పాళ్లు, 200 మిల్లీలీటర్లు పెరిగినచో లెక్కకు వచ్చును. ఆమెకు పెరిగినది 50 మిల్లీలీటర్లు.

ఉబ్బసములో నాళములు ముడుచుకొని మరల విప్పారును, వచ్చును, పోవును. తరచు చిన్ననాడే మొదలగును. తుమ్ములు, గజ్జి, ఇంట మరొకరికి ఉండుట తోడగును. మా అత్తగారిది అట్టిది కాదు. ఏండ్ల పొగకు నాళములు శాశ్వతముగా ఇరుకై, గాలితిత్తుల గోడలు చెడినవి. దీనిని వైద్యులు సీఓపీడీ యందురు. చుట్టలు, సిగరెట్లు త్రాగు పురుషుల వ్యాధియని దీనికి పేరు పడుట స్త్రీలకు కీడైనది. 2001లో ప్రకటితమైన యొక పరిశీలనలో అమెరికా, కెనడా వైద్యులకు ఒకే రోగి కథను కొందరికి పురుషుడనియు కొందరికి స్త్రీయనియు చెప్పి చూపగా, స్త్రీయన్నప్పుడు ఈ వ్యాధిని తక్కువ మంది తలచిరి; ఊదు పరీక్ష ఫలితమును చూపిన పిమ్మట ఆ తేడా చాలవరకు తగ్గెను. యంత్రమునకు ఆడ మగ పక్షపాతము లేదు! మన యుత్తరకోస్తా పల్లెలలో చుట్ట నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ త్రాగు స్త్రీలు సిగ్గుపడి ఆ మాట వైద్యునికి చెప్పరు. చెప్పవలెను. పొయ్యి పొగ సంగతి ఆయన అడుగకపోయినను చెప్పవలెను.

వయసులోనున్న స్త్రీల విషయమున మరియొక మాట. చిన్ననాడు కీళ్లవాపు జ్వరము వచ్చినవారికి గుండెలోని కవాటము ఇరుకై, పెండ్లియై గర్భము ధరించినప్పుడు మొట్టమొదటిసారిగా ఆయాసము బయటపడుట కలదు. పరుండినచో ఊపిరాడక లేచి కూర్చుందురు. కఫములో నెత్తుటిచారలు పడవచ్చును. దీనిని కూడ ఉబ్బసమనుకొని కాలము గడపువారున్నారు. ఎకో పరీక్ష చేసినచో తెలిసిపోవును. రక్తహీనత వలన వచ్చు ఆయాసము మరియొకటి. దానికి హిమోగ్లోబిన్ చూచిన చాలును.

కావున వైద్యుని యొద్దకు పోవునప్పుడు "ఉబ్బసమండీ" అని మనమే పేరు చెప్పరాదు. జరుగుచున్నది చెప్పవలెను. దగ్గు పగలా, రాత్రియా? పరుండినప్పుడు హెచ్చునా? మధ్యలో పూర్తిగా బాగుండు దినములున్నవా? వంట దేనిపై నెన్నేండ్లు చేసితిరి? మ్రింగుచున్న మాత్రల అట్టలు సంచిలో వేసికొని పోవలెను. ఆయన పేరు చెప్పినప్పుడు "ఏ పరీక్ష వలన తెలిసినది?" అని మర్యాదగా నడుగుట తప్పు కాదు. ఉబ్బసము గలవారికి కూడ బాగున్న దినమున ఊదు పరీక్ష సరిగా రావచ్చును. అట్టివారు పీక్ ఫ్లో మీటరను చిన్న గొట్టములో రెండు వారములు ఉదయము సాయంకాలము ఊది అంకెలు వ్రాసికొనిన తేడా తెలియును. ఉబ్బసమే యని తేలినచో పీల్చు మందునకు వెఱవరాదు. అలవాటగునని దానిని మాని మాత్రలు మ్రింగుట, మైక్రోగ్రాములకు భయపడి మిల్లీగ్రాములు మ్రింగుటయే.

మా మరిదికి మరుసటి యేడు వేరొక సంబంధము కుదిరెను. అత్తగారికి పోయిన ఊపిరి తిరిగి రాలేదు. రాదని వైద్యుడు మొదటనే చెప్పినారు. దినమునకొక మారు పీల్చు మందు, ఏటేట ఫ్లూ టీకా, కొంచెము నడక. తెల్లని మాత్రలను కొన్ని నెలలలో తగ్గించి మాన్పించిరి. ఇప్పుడు గుడివరకు ఆగకుండ నడచుచున్నారు. పెరటిలో నీళ్లకాగు క్రింది కట్టెల పొయ్యి మాత్రము ఇంకను ఉన్నది. ఆమె దాని జోలికి పోకుండుటకై మరిది ఊదుగొట్టమును అటకపై దాచినాడు. ఆమె ఇప్పటికి రెండు మారులు దానిని వెదకి దింపించినారు.